మన తేనెను మనమే 'దొంగతనంగ తెచ్చినం' అంటే ఎట్ల?

  పోస్టు పెద్దగుంటది, తీరిగ్గ చదవండి. సగంల ఆపి కామెంటు పెట్టకండి.

మొన్న ఆదివారం చెక్‌పోస్టు దగ్గర తనిఖీల గురించి ఇక్కడ చర్చ నడిచింది. ఒక అన్న ఇట్ల రాసిండు: "ఫారెస్టోళ్లతోని లొల్లి ఎందుకురా, మనోళ్లు ఎప్పటి లెక్కనే దొంగతనంగ పోయి తేనె తెచ్చుకుంటే అయిపోతది." ఆయన పేరు రాయను. ఆయన మంచోడు, ఫస్టియర్ల నాకు పుస్తకాలు ఇచ్చిండు. కానీ ఆ కామెంటుకు నలభై లైకులు వచ్చినయ్. లైకులు కొట్టినోళ్ల పేర్లు చూసిన. సగానికి ఎక్కువ మన పిల్లలే, అందుల పెంటల నుంచి వచ్చినోళ్లు కూడా ఉన్నరు.

అన్నా, నీ మీద కోపంతోని రాస్తలేను. ఆ ఒక్క మాట మీద కోపంతోని రాస్తున్న.

ఎందుకో చెప్త. నేను ఉండే హాస్టల్ల పోయిన సలికాలం ఒక పిల్లగాని ఫోన్ పోయింది. పెట్టెలు తెరిపించిండ్రు. అందరివీ కాదు, మొదలు మా రూం. మా రూంల ముగ్గురం చెంచోళ్లం, ఇద్దరు తండా పిల్లలు. నా పెట్టెల బట్టల కింద ఒక సీసా దొరికింది. మా అవ్వ పంపిన తేనె. "ఇదెక్కడిదిరా?" అని అడిగిండ్రు. "మా పెంట నుంచి సార్" అన్న. "అడవిల తేనె అంటే అది గూడ దొంగసొమ్మే కదా" అని నవ్విండ్రు. చుట్టూ ఉన్నోళ్లందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. రెండు రోజులకు ఆ ఫోన్ ఆ పిల్లగాని చిన్నమ్మ ఇంట్ల దొరికింది. మాకెవ్వరు ఏం చెప్పలే. వాళ్లు నవ్వింది ఎప్పుడో మర్చిపోయిన, నేను నవ్వింది మాత్రం మర్చిపోలేకపోతున్న.

అప్పటి నుంచి ఒకటే పట్టుకున్న. దొంగతనం అంటే ఏంది? చట్టంల ఆ మాటకు అర్థం ఏంది? మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చినోన్ని నేనే మొదలు, లా చదివినోళ్లు ఎవ్వరు లేరు. తండా నుంచి పోయి హైదరాబాద్‌ల ఎల్‌ఎల్‌బీ చదువుతున్న ఒక అక్కను అడిగితే ఆమె తన నోట్సు పంపింది. అందుల మొదటి పాఠమే ఇంగ్లండ్ చట్టం. ముందు దాన్నే చెప్త, ఎందుకంటే మన మీద ఈ మాట పెట్టినోళ్లు వాళ్లే.

ఇంగ్లండ్‌ల 1968ల థెఫ్ట్ యాక్ట్ అని చేసిండ్రు. దాని ప్రకారం ఒక మనిషిని దొంగ అనాలంటే ఐదు రుజువు చేయాలె. ఒకటి, అది ఆస్తి అయి ఉండాలె. రెండు, అది ఇంకొకరిది అయి ఉండాలె. మూడు, దాన్ని తనదానిలెక్క చేసుకొని ఉండాలె. నాలుగు, దురుద్దేశంతోని చేసి ఉండాలె. ఐదు, అవతలి మనిషికి అది మళ్ల ఎప్పటికీ దక్కకుండ చేసే ఉద్దేశం ఉండాలె. ఐదుల నాలుగు ఉండి ఒకటి లేకపోయినా అది దొంగతనం కాదు. పుట్టుక చూసి, మొఖం చూసి, పెట్టె చూసి దొంగ అనే లెక్క ఇందుల యాడ లేదు.

నాలుగోది చూడండి, దురుద్దేశం. అదే చట్టం రెండో సెక్షన్ ఏమంటదంటే, చట్టప్రకారం దాని మీద నాకు హక్కు ఉంది అని నిజంగ నమ్మి తీసుకున్నోడు దురుద్దేశం ఉన్నోడు కాదు. ఆ నమ్మకం తప్పే కావచ్చు. నిజంగ నమ్మిండా లేదా అన్నదే లెక్క. తర్వాత 2017ల అక్కడి సుప్రీంకోర్టు ఒక పేకాటగాని కేసుల ఇంకో మాట చెప్పింది. ఆ మనిషికి తెలిసిన సంగతులేందో ముందు చూడాలె, తర్వాత మామూలు మర్యాదస్తులైన జనం ఆ పనిని ఏమంటరో దాన్ని బట్టి తేల్చాలె అని. ఇది చదివినప్పుడు మా పెంట యాదికొచ్చింది. మా పెంటల మామూలు మర్యాదస్తులను అడగండి, కొండచరియ మీద తాడు కట్టి దిగి తేనె కోసినోన్ని ఏమంటరో. ఆ తాడు పట్టేది బామ్మర్ది. చెల్లె పసుపుకుంకుమ వాని చేతిల ఉంటది కాబట్టి తాడు వదలడని మనోళ్ల లెక్క. అంత పద్ధతిగ, అందరికీ తెలిసి చేసే పనిని రాత్రి కన్నం వేసేటోని పక్కన పెడ్తరా?

ఇక అసలు సంగతి. ఆ 1968 చట్టం నాలుగో సెక్షన్ల ఒక చిన్న ముక్క ఉంది, చదివి నేను మంచం మీద లేచి కూసున్న. ఎవరి నేల అయినా సరే, దాని మీద అడవిగ మొలిచిన పుట్టగొడుగులు ఏరుకున్నా, అడవి మొక్కల నుంచి పూలు, పండ్లు, ఆకులు తెంపుకున్నా అది దొంగతనం కాదు, అమ్ముకునేతందుకు అయితే తప్ప. ఎవ్వరు పట్టి పెంచని అడవి జీవాలను గూడ, ఇంకొకరు అప్పటికే పట్టుకొని ఉంటే తప్ప, దొంగిలించుడు అంటూ ఉండదని ఆ పక్కనే ఉంది. అంటే వాళ్ల ఊళ్ల, వాళ్ల పిల్లలు బుట్ట పట్టుకొని పొదలెంట పండ్లు ఏరుకుంటే దొంగలు కాకూడదని వాళ్లు రాసుకున్నరు.

మనకు వాళ్లు ఏం రాసిచ్చిండ్రు? మెకాలే 1837ల ముసాయిదా రాసిండు, 1860ల ఇండియన్ పీనల్ కోడ్ అయింది. నిజాం కింద ఉన్న మనకు అది 1951ల వచ్చింది. అందుల 378వ సెక్షన్ దొంగతనం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల 303 అయింది. నంబరు మారింది, మాటలు అవే. దురుద్దేశంతోని, కదిలే వస్తువును, ఇంకొకరి స్వాధీనం నుంచి, వాళ్ల సమ్మతి లేకుండ, తీసుకునేతందుకు కదిలిస్తే దొంగతనం. ఇంగ్లండ్‌ల ఎప్పటికీ దక్కకుండ చేసే ఉద్దేశం కావాలె. మన దగ్గర కాసేపు తీసుకున్నా చాలు. ఒక ఆఫీసు ఫైలును ఒక్కరోజు బయటికి తీసుకపోయినా దొంగతనమే అని 1962ల సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టగొడుగుల ముక్క మన కోడ్‌ల లేదు. దాని బదులు మొట్టమొదటి ఉదాహరణే చెట్టు: వేరేటోని నేల మీద చెట్టును తీసుకపోయే దురుద్దేశంతోని నరికితే, నేల నుంచి వేరు చేసిన క్షణమే దొంగతనం పూర్తయినట్టు. ఇంగ్లండ్‌ల ఏరుకునేటోనికి మినహాయింపు, మన దగ్గర ఏరుకునేటోని మీదనే మొదటి పాఠం.

కానీ అదే సెక్షన్ల చివరి ఉదాహరణ చదివినోళ్లు తక్కువ. ఒకని చేతిల ఉన్న వస్తువును ఇది నాదే అని మంచిగ నమ్మి తీసుకుంటే, అది ఇంకొకరిది అయినా, దురుద్దేశం లేదు కాబట్టి దొంగతనం కాదు. చెరువుల చేపలు పట్టిన ఒక కేసుల సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, హక్కు ఉందని నిజాయితీగ నమ్మి వాదించేటోని మీద దొంగతనం కేసు నిలవదని. మన తాతల నమ్మకం మీద ఎవరికన్నా అనుమానం ఉన్నదా? 1940లల్ల నిజాం సర్కారే అమ్రాబాద్ పీఠభూమి మీద కొంత అడవిని చెంచు రిజర్వు అని వేరే పెట్టింది. అంతకుముందు ఎన్ని తరాలో లెక్క లేదు. నాదే అన్న నమ్మకానికి ఇంతకంటే ఏం కావాలె?

ఇప్పుడు నమ్మకం దాకా గూడ పోనక్కరలేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చదవండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు, ఏరుకునే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు. ఏవేవి అంటే వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందుమొక్కలు, గడ్డలు, దుంపలు అని పేర్లు పెట్టి రాసి ఉంది. అడవి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా అని అదే చట్టంల ఉంది. 2012ల రూల్స్ మార్చి రవాణా పర్మిట్ సంగతి గూడ గ్రామసభ కమిటీ చేతికి ఇచ్చిండ్రు. ఇంగ్లండ్‌ల అమ్ముకుంటే దొంగతనం. మనకు అమ్ముకునుడు గూడ హక్కు. అక్కడ ఒప్పుకున్నది మినహాయింపు, ఇక్కడ ఒప్పుకున్నది యాజమాన్యం. యజమాని తన వస్తువు తాను తెచ్చుకుంటే "ఇంకొకరి స్వాధీనం", "సమ్మతి లేకుండ" అనే ముక్కలు యాడ నిలుస్తయ్? అన్నా, ఇప్పుడు చెప్పు, మన తేనె మీద ఆ మాట ఎట్ల పెట్టినవ్?

ఇక్కడ ఒకటి దాచకుండ చెప్పాలె, లేకపోతే నన్ను నమ్మి చెక్‌పోస్టు దగ్గర వాదించి ఎవరన్న ఇబ్బంది పడ్తరు. మన మీద పెట్టే కేసు కాయితం మీద చాలాసార్లు 303 ఉండదు. 1967 ఫారెస్ట్ యాక్ట్ 20వ సెక్షన్ ఉంటది, లేకపోతే 1972 వన్యప్రాణి చట్టం ఉంటది. వాటికి దురుద్దేశం రుజువు చేసే బాధ లేదు. లోపలికి పోయినవా, తెచ్చినవా, అంతే. అందుకే నోటితోని దొంగ అంటరు, కాయితం మీద ఇంకోటి రాస్తరు. నోటి మాటకు ఐదు రుజువులు కావాలె కాబట్టి అది కోర్టుదాకా రాదు, మన వీపు మీదనే ఉండిపోతది. అయితే అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ "వేరే ఏ చట్టంల ఏమున్నా సరే" అనే మొదలైతది. ఆ మాటను బట్టీ కొట్టండి. ఇంకోటి, వేట ఆ హక్కులల్ల లేదు. ఉడుము పట్టినోని తరఫున నేను ఈ వాదన చేయలేను, చేస్తే అబద్ధం అయితది.

మా తాతది చెప్త. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు బంక తెస్తుంటే ఆపిండ్రు. బంక తీసుకున్నరు, ఒక కాయితం మీద వేలిముద్ర వేయించుకున్నరు. రసీదు అని చెప్పిండ్రట. ఆ కాయితం నకలు మొన్న ఇంట్ల చూరుల నుంచి తీసి చదివిన. నేరం ఒప్పుకుంటున్న, కాంపౌండింగ్ ఫీజు కడ్తున్న అని ఉంది. మా తాత చనిపోయే దాకా తన మీద ఒప్పుకున్న నేరం ఉందని ఆయనకే తెల్వదు. ఎవరు ఆపిండ్రో, ఎవరు రాసిండ్రో ఇప్పుడు తవ్వను. కానీ మీ ఇండ్లల్ల చూరులల్ల గూడ ఇసొంటి కాయితాలు ఉంటయ్, ఈసారి సెలవులకు పోయినప్పుడు తీసి చదవండి.

ఆ ఐదు ముక్కలు మనల్ని కాపాడుతయ్ అన్న. అవే ముక్కలు ఎవరెవరిని తప్పిస్తున్నయో గూడ చూడాలె. "కదిలే వస్తువు" అన్నడు కదా. భూమి కదలదు. కాబట్టి భూమిని దొంగిలించుడు అనేదే చట్టంల లేదు, ఇంగ్లండ్‌ల గూడ మామూలుగ లేదు. గంపెడు గడ్డలు తవ్వుకుంటే అవి నేల నుంచి వేరైన క్షణం నుంచి దొంగసొమ్ము కావచ్చు. ఆ నేలనే ఐదెకరాలు పట్టా మార్పించుకున్నోడు మాత్రం ఎన్నటికీ దొంగ కాడు. వానిది సివిల్ తగాదా. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970 సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల గిరిజనేతరులకు భూమి పోకుండ చేసినయ్ కదా అంటరు. చేసినయ్. కానీ అది ఉల్లంఘించినోన్ని దొంగ అని పిలిచినోడు ఉన్నడా? పెట్టె తెరిపించినోడు ఉన్నడా?

షావుకారి తూకం గూడ అంతే. మన చింతపండు మన చేతులతోనే ఇస్తం, మన సమ్మతితోనే. కిలోకు పావు కిలో కొట్టేస్తే చట్టం దాన్ని దొంగతనం అనదు, మోసం అంటది. అప్పజెప్పిన సొమ్మును తింటే నమ్మకద్రోహం అంటది. పేర్లు ఎంత మర్యాదగ ఉన్నయో చూడండి. (హాస్టల్ బియ్యం గురించి ఇక్కడ రాయను, దానికి వేరే పోస్టు కావాలె.)

యురేనియం యాదికుందా? 2019ల అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్లల్ల బోర్లు వేసి వెతకనీకి కేంద్ర అటవీ సలహా కమిటీ ఒప్పుకుంది. మన్ననూరు నుంచి పదర దాకా జనం రోడ్ల మీదికి వచ్చినంక ఆ సెప్టెంబర్ల అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. వాళ్లు తవ్వి తీసుకపోయి ఉంటే అది ఏ సెక్షన్? ఏ సెక్షన్ కాదు, ఎందుకంటే వాళ్లకు సమ్మతి ఉంటది, ఢిల్లీ ఇచ్చిన సమ్మతి. తేనెకు పోయిన మా తాతకు ఎవరి సమ్మతి లేదు, అడ్డమొచ్చింది అదే. సమ్మతి ఎవరిది కావాలె అన్నదే అసలు కొట్లాట. నియంగిరి కేసుల 2013ల సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను గ్రామసభల ముందట పెట్టమన్నది. పన్నెండు గ్రామసభలు పెట్టిండ్రు, పన్నెండుకు పన్నెండు వద్దన్నయ్.

తండా తమ్ముళ్లు, ఇది చెంచోళ్ల ముచ్చట అనుకోకండి. 1871ల తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చిండ్రు. వాళ్ల పీనల్ కోడ్‌ల దొంగతనానికి దురుద్దేశం కావాలె, వస్తువు కావాలె, కదిలించుడు కావాలె. ఈ చట్టంల ఏం అక్కరలేదు, పుట్టుడే చాలు. ఎరుకలోళ్ల కోసం 1913ల స్టువార్టుపురం సెటిల్మెంటు కట్టిండ్రు. నిజాం రాజ్యంల లంబాడోళ్లను గూడ ఆ జాబితాల రాసిండ్రు. తాతలు పోలీసు పటేలు ముందట హాజరు వేసుకోకుండ ఊరు దాటనీకి లేదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పోయి డెబ్బై ఏండ్లు దాటినంక, 2024 అక్టోబర్ 3న, జైలు రూల్స్‌ల ఇంకా మిగిలి ఉన్న కులం పనులను, విముక్త జాతులను నేరస్థులుగ చూసే రాతలను సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే అప్పటిదాకా ఆ రాతలు ఉన్నయ్. మా రూంల తండా పిల్లల పెట్టెలు ముందుగాల ఎందుకు తెరిచిండ్రో ఇంకా అడగాల్నా?

ఈ మాట ప్రాణం తీస్తది గూడ. 2018 ఫిబ్రవరి 22న కేరళ అట్టప్పాడిల బియ్యం దొంగిలించిండని ఒక ఆదివాసీ యువకున్ని పట్టుకొని, చేతులు కట్టి, ఫోటోలు దిగి, కొట్టి చంపిండ్రు. 2023ల కోర్టు 14 మందిని దోషులు అన్నది. ఇప్పుడున్న న్యాయ సంహిత ప్రకారం ఐదు వేల లోపు సొమ్ము, మొదటిసారి దొరికినోడు, సొమ్ము వాపసు ఇస్తే శిక్ష ఏందో తెలుసా? సమాజ సేవ. చట్టం అంత వేసేది గుప్పెడు బియ్యానికి. జనం వేసింది చావు.

కొందరు అన్నలు అంటరు, చట్టం వాళ్లదే, చదివి ఏం పీకుతవ్, పోరాటమే దారి అని. పోరాటం వద్దని నేననలే. కానీ అటవీ హక్కుల చట్టం పోరాటం చేస్తేనే వచ్చింది కదన్నా, వచ్చినదాన్ని చదవకుండ గోడకు వేలాడదీస్తే ఎట్ల? ఆ చట్టాన్ని ఉల్లంఘించిన అధికారికి ఏడో సెక్షన్ల శిక్ష ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల దాకా జరిమానా. మన మీద దొంగతనం రుజువైతే మూడేండ్ల దాకా జైలు, వాళ్ల మీద వెయ్యి. కోపం తెచ్చుకోవాలంటే గూడ ముందు ఇది చదవాలె. అదే కోపంతోని ఇంకోటి గూడ చదవండి: 2015ల సవరించిన అట్రాసిటీ చట్టంల, మన అటవీ హక్కులు అనుభవించకుండ అడ్డుపడ్డా, మన మీద కావాలని తప్పుడు కేసు పెట్టినా నేరమే. అది వెయ్యి రూపాయలతోని పోదు.

ఇంకోవైపు గూడ మాట్లాడాలె, లేకపోతే మనం మనకే అబద్ధం చెప్పుకున్నట్టు. రాత్రి ట్రాక్టరు తెచ్చి, వెయ్యి రూపాయలు చేతిల పెట్టి, మన పిల్లలతోని టేకు కొట్టించేటోళ్లు ఉన్నరు. టేకు కలప చిన్నతరహా ఉత్పత్తి కాదు. ఆ పనికి హక్కు ఉందని కొట్టేటోడు గూడ నమ్మడు, నమ్మితే రాత్రి ఎందుకు పోతడు? ఐదుకు ఐదు ముక్కలు అక్కడ దొరుకుతయ్. దొరికినప్పుడు జైలుకు పోయేది మన పిల్లగాడు, ట్రాక్టరోడు కాదు. మన తేనె మీద ఆ మాట వద్దన్నోన్ని నేను, ఆ టేకు మీద మాత్రం వద్దనను.

మరి ఏం చేద్దాం అంటే, నాకు తోచినయి రాస్తున్న, మీరు కలపండి. వచ్చే ఆదివారం అచ్చంపేటల ఉన్న హాస్టల్ పిల్లలం ఒక దగ్గర కూసుందాం. అక్క ఫోన్ల ఉంటా అన్నది. మూడో సెక్షన్ తెలుగుల ఒక పేజీ రాసి, ఎవరి పెంటకు, ఎవరి తండాకు వాళ్లు తీసుకపోదాం. గ్రామసభల సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టిండ్రా లేదా, పెడితే యాడ ఆగింది, అది అడుగుదాం. పంచనామా ముందట పెడితే చదివి వినిపించమని అడగాలె, ఖాళీ కాయితం మీద వేలు పెట్టొద్దని అవ్వలకు, తాతలకు చెప్పాలె. కాయితంల "దొంగతనంగా సేకరించి" అని ఉంటే ఆ ముక్క కొట్టెయ్యమనాలె. కొట్టెయ్యకపోతే "ఇది మా హక్కు అని తెచ్చినం" అని మన చేతితో పక్కన రాయాలె. ఆ ఒక్క వాక్యం రేపు కోర్టుల మనకు పనికొస్తది, ఎందుకో పైన చెప్పిన.

ఆ సీసా ఇంకా నా పెట్టెలనే ఉంది, సగం అయింది. ఆదివారం వచ్చేటోళ్లకు రొట్టెలల్ల తలా ఒక చెంచా పెడ్త.

అన్నా, నీ కామెంటు ఇప్పుడే మళ్ల చూసిన, అట్లనే ఉంది. మొత్తం తీసెయ్యకు, చెక్‌పోస్టు గురించి నువ్వు రాసిన మిగతాది కరెక్టే. ఆ ఒక్క మాట ఎడిట్ చెయ్యి.